గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నట్టు కాదు



ఈసారి మిర్చి రేటు గురించి కాదు, నల్ల తామర గురించీ కాదు. గురక గురించి రాస్తున్నా. నవ్వేవాళ్ళు ఒకసారి నవ్వేసి తర్వాత చివరిదాకా చదవండి. పోస్టు పెద్దదే. ట్రాక్టరు తోలేవాళ్ళు, బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళు, పగలు కూర్చుంటే కునికిపాట్లు పడేవాళ్ళు మాత్రం తప్పకుండా చదవాలి. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించండి. ఎందుకో కిందకి పోయేసరికి తెలుస్తుంది.

మన ఊళ్ళల్లో గురక అంటే ఏంది? కష్టపడ్డవాడి నిద్ర. "వాడికేంరా, మంచం మీద వాలితే చాలు గురకే" అని మెచ్చుకున్నట్టు అంటాం. నిద్ర పట్టనివాడు వాణ్ణి చూసి కుళ్ళుకుంటాడు కూడా. నాకు ఉన్న జబ్బు ఆ గురక చాటునే ఉంది. పేరు స్లీప్ అప్నియా. అంటే నిద్రలో ఊపిరి ఆగిపోవడం. ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి, రాత్రంతా ఇదే వరస. నేను ఇంటర్ దాకా చదివినోణ్ణి. డాక్టరు నాకు చెప్పింది, నేను ఏడాదిన్నరగా అనుభవించింది మన భాషలో చెప్తా.

నాకు సొంతం నాలుగెకరాలు, కౌలు మూడు. మిరప, పత్తి. వయసు 54. పొద్దున లేస్తే తల దిమ్ముగా, నొసటి మీద బరువు పెట్టినట్టు ఉండేది. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అతుక్కునేది. రాత్రి మూడుసార్లు, నాలుగుసార్లు ఒంటేలుకి లేచేవాణ్ణి. షుగరేమో అని రెండుసార్లు పరీక్ష చేయించా, లేదన్నారు. బీపీకి రెండు రకాల బిళ్ళలు వేసుకుంటున్నా 160కి తగ్గేది కాదు. పురుగుమందుల కొట్లో బెంచీ మీద కూర్చుంటే నిద్ర. బస్సులో నిద్ర. సొసైటీ మీటింగులో పక్కవాడు మోచేత్తో పొడిస్తే లేవడం. డ్రమ్ములో మందు కలిపానా లేదా అన్నది కూడా మర్చిపోయి ఖాళీ డబ్బా చూసుకుని నిర్ధారణ చేసుకునేవాణ్ణి. కోపం సరేసరి.

వీటన్నిటికీ ఊళ్ళో జవాబులు రెడీగా ఉంటాయి. తలనొప్పి ఎందుకంటే ఎండ. నీరసం ఎందుకంటే చాకిరీ. మతిమరుపు ఎందుకంటే వయసు. నిద్రమత్తు ఎందుకంటే రాత్రి అప్పుల ఆలోచన. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే బలానికని ఒక సెలైను, ఒక సూది. రెండు రోజులు బాగున్నట్టు ఉండేది, మూడో రోజు మామూలే. ఆఫీసులో పనిచేసేవాడు మధ్యాహ్నం కుర్చీలో నిద్రపోతే పక్కవాడు ఏమైందని అడుగుతాడు. రైతు వేపచెట్టు కింద నిద్రపోతే ఎవరడుగుతారు? మనం అలిసిపోయామంటే ఎవరికీ అనుమానం రాదు. ఈ జబ్బు దాక్కోడానికి అంతకంటే మంచి చోటు ఇంకోటి లేదు.

2023లో దుక్కులప్పుడు ఒకటి జరిగింది. రోటవేటరు వేస్తున్నా. చేను చివర తిప్పాల్సిన చోట ట్రాక్టరు తిరగలేదు. కళ్ళు తెరిచేసరికి ముందు చక్రం కాలవ గట్టు ఎక్కుతోంది. క్లచ్ తొక్కి ఆపా. కాళ్ళు వణికాయి. అప్పుడు టైమెంతనుకున్నారు? పొద్దున ఏడు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఐదింటికి లేచా. ఎనిమిది గంటలు మంచం మీద ఉండి వచ్చినవాడికి పొద్దున ఏడింటికి, అంత చప్పుడు చేసే బండి మీద నిద్ర ఎట్లా వస్తుంది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

2024 సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. నేను హాల్లో పడుకుంటే సెల్‌ఫోన్లో ఐదు నిమిషాలు వీడియో తీసింది. పొద్దున నాకు చూపించింది. గురక, గురక, గురక, ఒక్కసారిగా నిశ్శబ్దం. పొట్ట మాత్రం ఎగిరి పడుతోంది, ముక్కులోంచి నోట్లోంచి శబ్దం లేదు. అమ్మాయి గొంతు అంకెలు లెక్కపెడుతూ ఉంది. ముప్పై ఎనిమిది దగ్గర నేను నీళ్ళల్లోంచి పైకి తేలినవాడిలా గుర్రుమని ఊపిరి పీల్చా. మళ్ళీ గురక. ఐదు నిమిషాల్లో అట్లా నాలుగుసార్లు. నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు.

ఆ వీడియో బీపీ డాక్టరుకి చూపించాం. ఆయన ఇంకో బిళ్ళ రాయకుండా, గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ ఇచ్చాడు.

ఆ డాక్టరు ముందు టేపు తీసుకుని నా మెడ కొలిచాడు. 43 సెంటీమీటర్లు. నోరు తెరిపించి గొంతు చూశాడు. ఎనిమిది ప్రశ్నలు అడిగాడు: గట్టిగా గురక ఉందా, పగలు నీరసమా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బాగా లావా, యాభై దాటాయా, మెడ లావా, మగవాడా. ఎనిమిదిలో నాకు ఏడు వచ్చాయి. ఐదు వచ్చినా జబ్బు ఉండే అవకాశం బాగా ఎక్కువంట.

తర్వాత ఆయన నన్ను వదిలేసి మా ఇంటావిణ్ణి అడిగాడు, "అమ్మా, మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?" అని.

ఆవిడ చెప్పింది. "గురక నాకు అలవాటే సార్. అది వినపడుతుంటే నాకు నిద్ర పడుతుంది. ఆగితేనే మెలకువ వస్తుంది. మళ్ళీ మొదలయ్యేదాకా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తా. మరీ లేటయితే భుజం పట్టి కదుపుతా. మా మామగారు కూడా ఇట్లాగే గురక పెట్టేవారు. నిద్రలోనే పోయారు."

మా నాన్న 58 ఏళ్ళకి పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్నాడు, పొద్దున లేవలేదు. ఊరంతా "పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోలేదు" అన్నారు. ఆయనకి ఏ పరీక్షా జరగలేదు కాబట్టి ఇదే జబ్బని నేను అనను. కానీ నా గురక ఆగిన ప్రతిసారీ మా ఇంటావిడకి గుర్తొచ్చింది ఆ పొద్దున్నే. బయటికొచ్చాక అడిగా, ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదని. "చెప్తే నువ్వు పడుకోడానికి భయపడతావు గదయ్యా" అంది.

ఇక పరీక్ష సంగతి. ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోవాలి. తలకి, గడ్డానికి, కాళ్ళకి తీగలు అతికిస్తారు. ఛాతీకి, పొట్టకి పట్టీలు కడతారు. ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి క్లిప్పు. సూది లేదు, నొప్పి లేదు. కొంతమందికి చిన్న మిషన్ ఇచ్చి ఇంట్లోనే చేసే పరీక్ష కూడా ఉంది, ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరు చెప్తాడు. ఇన్ని తీగలతో నిద్రేం పడుతుంది అనుకున్నా. పది నిమిషాల్లో పట్టిందంట. అది కూడా జబ్బు లక్షణమే అన్నారు.

రిపోర్టులో ముఖ్యమైన అంకె ఒకటి ఉంటుంది. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అని. కనీసం 10 సెకన్లు ఉంటేనే ఒకటిగా లెక్క. గంటకి 5 లోపు ఉంటే పెద్దవాళ్ళకి మామూలు. 5 నుంచి 15 దాకా కొద్దిపాటి జబ్బు, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం. నాకు 46. ఆరు గంటలు నిద్రపోతే 276 సార్లు. ఇంకో అంకె ఆక్సిజన్. కరోనాలో వేలికి క్లిప్పు పెట్టుకుని 94 కంటే తగ్గితే ఆస్పత్రులకి ఎట్లా పరిగెత్తామో గుర్తుందిగా. నిద్రలో నాది 71కి పడిపోతోంది. ఏ కరోనా లేకుండానే, నా మంచం మీద, రోజూ.

ఎందుకిట్లా అవుతుందో మనకి తేలిగ్గా అర్థమయ్యే పోలిక చెప్తా. కాలవలోంచి నీళ్ళు తోడే ఇంజనుకి పీల్చే వైపు గట్టి పైపు వేస్తాం. చుట్టగా చుట్టి పెట్టుకునే మెత్తటి పైపు పీల్చే వైపు వేస్తే ఏమవుతుంది? లోపలికి నొక్కుకుపోయి అతుక్కుంటుంది, చుక్క నీరు రాదు. మన గొంతు మెత్తటి పైపే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి వదులైపోతాయి. నాలుక వెనక్కి జారుతుంది. కొందరికి ఊపిరి లాగుతుంటే గొంతు గోడలు కదిలి చప్పుడొస్తుంది, అది గురక. కొందరికి పూర్తిగా మూసుకుపోతుంది, అది అప్నియా. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి పోదు. ఆక్సిజన్ తగ్గి మెదడు భయపడి ఒక్క క్షణం లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది. ఆ మెలకువ మనకి గుర్తుండదు. గంటకి 46 సార్లు ఎవరో భుజం తట్టి లేపుతుంటే ఎనిమిది గంటలు పడుకున్నా ఏం లాభం?

లేచిన ప్రతిసారీ గుండె దడదడ కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఇట్లా జరిగితే బీపీ బిళ్ళలకి లొంగదు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఒంటేలు సంగతి కూడా దీనిదే. మూసుకున్న గొంతుతో ఛాతీ లాగుతుంటే గుండె మీద ఒత్తిడి పడుతుంది, నీరు ఎక్కువైందని గుండె కిడ్నీలకి కబురు పంపుతుంది. అందుకే రాత్రి అన్నిసార్లు లేవడం.

దీనికి నాకు ఇచ్చిన వైద్యం సీపాప్ అనే మిషన్. టిఫిన్ క్యారియర్ అంత ఉంటుంది. దాన్నుంచి ఒక గొట్టం, చివర ముక్కుకి పెట్టుకునే మాస్కు. మామూలు గాలినే కొద్ది ఒత్తిడితో లోపలికి పంపుతుంది. ఆ గాలే గొంతు గోడల్ని తెరిచి పట్టుకుంటుంది. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు దీన్ని కనిపెట్టాడు. మొదట్లో ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారునే గాలి ఊదడానికి వాడారంట. నాకు ఎంత ఒత్తిడి కావాలో ఇంకో రాత్రి ఆస్పత్రిలోనే చూశారు. 11 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు ఎంత ఒత్తిడి ఇస్తాయో అంత. అర జానెడు నీళ్ళ ఒత్తిడి. అంతే.

మొదటి నాలుగు రాత్రులు కష్టం. ఎవరో మొహం మీద ఊదుతున్నట్టు ఉండేది. నిద్రలో నాకు తెలియకుండానే మాస్కు పీకేసేవాణ్ణి. మాస్కు పక్కనుంచి గాలి కళ్ళలోకి కొట్టేది. ముక్కు ఎండిపోయేది. ఆస్పత్రి కుర్రాడు ఇంకో సైజు మాస్కు ఇచ్చి, నీళ్ళ డబ్బా తగిలించి గాలికి తేమ పట్టేట్టు చేశాడు. పగలు మెలకువగా ఉన్నప్పుడే అరగంట పెట్టుకుని టీవీ చూడమన్నాడు. ఆ సలహా బాగా పనిచేసింది. ఆరో రాత్రి పది గంటలకి పడుకుని కళ్ళు తెరిస్తే తెల్లారి ఐదు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. తల తేలిగ్గా ఉంది. నోరు తడిగా ఉంది. పక్కకి చూస్తే మా ఇంటావిడ ఇంకా నిద్రపోతోంది. మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు. నాకంటే తర్వాత ఆవిడ లేవడం నేను చూసిన గుర్తు లేదు.

ఊళ్ళో మాత్రం వేరే కథ నడిచింది. "ఆయన ఆక్సిజన్ మీద ఉన్నాడంట" అన్నారు. ఒక పెద్దాయన అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. కౌలు ఇచ్చినాయన వచ్చే ఏడు చెయ్యగలవా అని నెమ్మదిగా కదిపాడు. మాస్కు, గొట్టం చూస్తే కరోనా వార్డు గుర్తొస్తుంది జనానికి, వాళ్ళ తప్పేం లేదు. అందుకే ఈ మాట పెద్దక్షరాలతో రాసినట్టు చదువుకోండి. ఇది ఆక్సిజన్ కాదు, వెంటిలేటర్ కాదు, చివరి దశ కాదు. కళ్ళు ఆనకపోతే కళ్ళజోడు పెట్టుకుంటాం, ఇదీ అట్లాంటిదే. వచ్చినవాళ్ళకి మిషన్ ఆన్ చేసి, మాస్కు చేతికిచ్చి గాలి చూపించా. ఫ్యాను గాలేగా అని వాళ్ళే నవ్వారు. కౌలు నాకే ఉంది.

మూడు నెలలకి బీపీ 130 దగ్గరికి వచ్చింది. డాక్టరు ఒక బిళ్ళ తగ్గించాడు. ఆయన తగ్గించాడు, నేను కాదు. ఎవరూ సొంతంగా బిళ్ళలు మానొద్దు. రాత్రి అన్నం తగ్గించి ఆరు కిలోలు తగ్గా. బరువు తగ్గితే ఈ జబ్బూ కొంత తగ్గుతుంది. పగటి నిద్ర పూర్తిగా పోయింది. ట్రాక్టరు మాత్రం మొదటి రెండు నెలలు డాక్టరు మాట మీద మా తమ్ముడి కొడుకుతో తోలించా. ఇప్పుడు నేనే తోలుతున్నా.

ఒకటి నిజం చెప్పాలి. మిషన్ జబ్బుని నయం చెయ్యదు. మోటారు నడిచినంతసేపే నీళ్ళు వచ్చినట్టు, మాస్కు ఉన్నంతసేపే గొంతు తెరుచుకుంటుంది. పెళ్ళికి పోయి మిషన్ లేకుండా ఒక రాత్రి పడుకుంటే తెల్లారి పాత తలనొప్పి పాత చోటే ఉంది. రోజూ పెట్టుకోవాలి.

ఖర్చు. పరీక్షకి నాకు 9 వేలు అయింది. మిషన్ ఒక నెల అద్దెకి తీసుకుని, కుదిరాక 42 వేలకి కొన్నా. ఊరిని బట్టి, మిషన్ని బట్టి ధర మారుతుంది. ఒక పడ్డని అమ్మా. బాధ లేదు. బోర్లో మోటారు కాలితే అప్పు చేసైనా రెండో రోజుకల్లా పైకి తీయించి రివైండింగ్ చేయిస్తాం. పైరు ఎండిపోతుందని. ఒంట్లో మోటారు కాలుతుంటే "చూద్దాంలే, మిర్చి అమ్మాక" అనే మాట మన ఇళ్ళల్లో రోజూ వినపడుతుంది.

మన పల్లెల్లో వాడేవాళ్ళకి నేను తెలుసుకున్న జాగ్రత్తలు ఇవి.

1. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. మాస్కుకి గాలి పోయే రంధ్రాలు ఉంటాయి, మెలకువ వచ్చి తీసేస్తాం. నేను ఇంట్లో ఇన్వర్టరుకి కలిపించా. నీళ్ళ డబ్బాకి ఉండే హీటరు ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

2. నీళ్ళ డబ్బాలో బోరు నీళ్ళు పొయ్యొద్దు, ఉప్పు గడుతుంది. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అడగండి. మిగిలిన నీళ్ళు పొద్దున్నే పారబోసి డబ్బా ఆరబెట్టాలి.

3. మిషన్ వెనక చిన్న ఫిల్టరు ఉంటుంది. మిర్చి కళ్ళాల టైములో మా ఇంట్లో అది తొందరగా నల్లబడుతుంది. చూసుకుని మార్చాలి. మాస్కు రోజూ సబ్బు నీళ్ళతో తుడవాలి.

4. కళ్ళం కాపలా ఇద్దరం పంచుకున్నాం. పన్నెండు దాకా నేను, తర్వాత మా తమ్ముడి కొడుకు. నేను ఇంటికొచ్చి మిషన్ పెట్టుకుని పడుకుంటా.

5. ఎవరో వాడిన మిషన్ చవగ్గా వస్తుందని కొని పెట్టుకోవద్దు. ఒత్తిడి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, డాక్టరు చూసి పెట్టాలి.

6. నిద్ర సరిగ్గా లేదని సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవద్దు. రాత్రి మందు తాగడం కూడా ఇంతే. రెండూ గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి.

7. గురక ఉన్న అందరికీ ఈ జబ్బు లేదు. జబ్బు ఉన్న అందరికీ మిషనూ అవసరం ఉండదు. కొద్దిపాటి జబ్బు అయితే బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం, నోట్లో పెట్టుకునే పరికరం లాంటివి డాక్టరు చెప్తాడు. వెల్లకిలా తిరగకుండా బనీను వెనక జేబు కుట్టించి అందులో బంతి పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందని అనుకోవద్దు. దవడ చిన్నగా, వెనక్కి ఉన్న సన్నటి మనుషులకీ వస్తుంది. టాన్సిల్స్ పెరిగిన పిల్లలకీ వస్తుంది. ముట్లు ఆగిన ఆడవాళ్ళకి కూడా ఎక్కువవుతుంది. మగవాడి గురక ఇల్లంతా వింటుంది, నవ్వుకుంటుంది. ఆడమనిషి గురక పెడితే సిగ్గుపడి దాచుకుంటుంది, మనమూ అడగం. కూలికి పోయి వచ్చి, వంట చేసి, పొద్దున తలనొప్పితో లేచే ఆడవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్ళ గురించి కూడా ఆలోచించండి.

ఈ జబ్బులో రోగికి ఏం తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళకే తెలుసు. కాబట్టి ఈ రాత్రి అన్నం తినేటప్పుడు మీ ఇంటావిణ్ణి ఒక్క మాట అడగండి: "నేను నిద్రలో ఊపిరి ఆపుతున్నానా?" ఆగుతోంది అంటే సెల్‌ఫోన్లో ఐదు నిమిషాలు వీడియో తీయమని చెప్పండి. అది పట్టుకుని మీ బీపీ డాక్టరు దగ్గరికి పోండి. ఆ డాక్టరు పట్టించుకోకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. పరీక్ష అయ్యేదాకా కునికిపాట్లు వచ్చే రోజు ట్రాక్టరు, బండి ఎక్కొద్దు.

మాస్కు, మిషన్ ఎట్లా ఉంటాయో చూడాలనుకునేవాళ్ళు సాయంత్రం ఏడు తర్వాత మా ఇంటికి రండి. ఆన్ చేసి చూపిస్తా. పదింటికి మాత్రం నేను మాస్కు పెట్టేసుకుంటా, అప్పుడు మాట్లాడలేను.